సొలొమోను పెట్టిన నంబరు

బెజవాడ గవర్నర్‌పేటలో లాడ్జీల వెనక సందులోకి వెళ్లి సొలొమోను షాపు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. బోర్డు మీద ఇప్పటికీ టైప్ ఇన్‌స్టిట్యూట్ అనే ఉంటుంది. లోపల టైపు మిషన్లు పాతసామాన్లవాడి బండెక్కి పదిహేనేళ్లయింది. ఇప్పుడక్కడ ఉన్నవి మూడు కంప్యూటర్లు, ఒక జెరాక్స్ మిషను. బోర్డు మారిస్తే తెలిసినవాళ్లు దారి తప్పుతారని ఆయన వాదన. అసలు సంగతి బద్ధకం.

మనిషికి యాభై నాలుగేళ్లు. ఆయన నోట లేదనే మాట, కాదనే మాట రావు. అది మంచితనమో జబ్బో పాతికేళ్ల కాపురంలో ఆయన భార్య తేల్చుకోలేకపోయింది. పామర్రు నుంచి, గన్నవరం నుంచి, ఇంకా లోపలి పల్లెల నుంచి దరఖాస్తులు పట్టుకుని జనం వస్తారు. ఏ దరఖాస్తు పెట్టాలన్నా ముందు అకౌంటు తెరవాలి. అకౌంటు తెరవాలంటే ఫోన్ నంబరు ఇవ్వాలి. ఆ నంబరుకు వచ్చిన కోడు కొట్టాలి. వచ్చినవాళ్లలో కొందరికి ఫోనే ఉండదు. కొందరి ఫోను ఇంట్లో మొగుడి జేబులో ఉంటుంది. మొదట్లో సొలొమోను అందరికీ తన నంబరే పెట్టాడు. ఒకరోజు కంప్యూటరు ఈ నంబరు మీద తెరిచిన అకౌంట్లు చాలు, ఇక కుదరదు అనేసింది.

కంప్యూటరు కుదరదంది కానీ సొలొమోను అనలేడు కదా. వెతికితే నెట్‌లో ఒక సైటు దొరికింది. అందులో ఏవేవో దేశాల నంబర్లు వరసగా ఉంటాయి. సిమ్ అక్కర్లేదు, ఫోనూ అక్కర్లేదు. ఒకదాన్ని ఎంచుకుని పెడితే చాలు, కోడు ఆ సైటులోనే అందరికీ కనిపించేలా పడుతుంది. ఆ నంబర్లు ఎవరివో తెలియదు, ఎన్నాళ్లుంటాయో అంతకన్నా తెలియదు. ఇదంతా విడమరిచి చెప్పాలంటే మనిషికి అరగంట పడుతుంది. వరస గుమ్మం దాకా ఉంది. అందుకని "నా నంబరే పెట్టానండీ" అని ఊరుకునేవాడు. చిన్న అబద్ధం. దానివల్ల ఎందరి దరఖాస్తులో గడువులోపల వెళ్లాయి, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

అలాంటి రోజుల్లోనే జక్కయ్య, సంపూర్ణమ్మ వచ్చారు.

సంపూర్ణమ్మ పుట్టిన ఊరూ సొలొమోను తల్లి పుట్టిన ఊరూ ఒకటే. ఆ లెక్కన ఆమె అక్క, ఆమె భర్త జక్కయ్య బావగారు. జక్కయ్యది పామర్రు అవతల పల్లె. వారంలో ఆరు రోజులు పొలం పని, ఆదివారం చర్చిలో పాట. మైకు లేకుండా ఆయన పాట ఎత్తుకుంటే కాలవ అవతల గట్టు మీదివాళ్లకు వినపడేది. సొంతంగా కట్టేవాడు, కాగితం మీద మాత్రం పెట్టేవాడు కాదు. నాలుగు ఆదివారాలు పాడితే ఊరందరికీ నోటికి వచ్చేది, ఇక రాయడమెందుకు అనేవాడు. ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుని రెండో చరణం దగ్గర గొంతు కలిపేది సంపూర్ణమ్మ. ముప్పై ఏళ్లు ఆ పద్ధతి తప్పలేదు.

ఆ గొంతులోనే పుండు లేచింది. స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కడని బెజవాడ డాక్టర్లు చెప్పారు. ఆపరేషనుకు వారం ముందు జక్కయ్య ఖాళీ చర్చిలో ఒక్కడే కూర్చుని పదకొండు పాటలు ఫోన్లోకి పాడుకున్నాడు. ఫోను నిండిపోయి మొరాయించింది. ఆసుపత్రిలో చేరబోతూ భార్యాభర్తలిద్దరూ దారిలో సొలొమోను షాపు దగ్గర ఆగారు.

"దానికేం బావగారూ, నెట్‌లో అకౌంటు తెరిచి అందులో దాచేద్దాం. మీ నంబరు చెప్పండి, కోడొస్తుంది" అన్నాడు సొలొమోను.

జక్కయ్య ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "అదొక్కటి అడక్కు సొలొమోనూ. ఫోను చేసినప్పుడల్లా చెప్తానే ఉంది గదయ్యా, కోడు ఎవరికీ చెప్పొద్దని. నువ్వు మావాడివే, కాదన్ను. కానీ మాటంటే మాటే. నీ నంబరు పెట్టుకో."

పది ఆజ్ఞలు ఎంత నిష్ఠగా పాటించాడో ఫోన్లో వినపడే ఆ హెచ్చరికనూ అంత నిష్ఠగా పాటించిన మనిషి. కోడు నాకు చెప్పొద్దు, మీరే కొట్టండి అంటే సరిపోయేది. ఆ పూట సొలొమోనుకు ఆ ఆలోచనే రాలేదు. తరవాత రాని రోజు లేదు. సైటు తెరిచాడు, పైన కనపడిన నంబరు పెట్టాడు, "నా నంబరే పెట్టాను బావగారూ" అన్నాడు.

పాటలు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. పక్కన ఎవరో ప్రింట్ల కోసం తొందరపెడుతుంటే సొలొమోను సౌండు పూర్తిగా తగ్గించేసి రెండు పనులూ చూసుకుంటున్నాడు. చివరి పాట దగ్గర జక్కయ్య ముందుకు వంగాడు.

"ఇది మీ అక్కకి కట్టింది. ఇంతవరకూ ఎవరూ వినలా."

"ఇప్పుడే వినిపించొచ్చుగా?"

"ఇప్పుడు నేనున్నాగా. నా గొంతు పోయాక వింటుందిలే."

సంపూర్ణమ్మ వినపడనట్టు సందులో ఆటోల వైపు చూస్తూ కూర్చుంది. అన్నీ ఎక్కాయని చూసుకుని, ఫోను ఖాళీ చేసి, అకౌంటులోంచి అందులోనే వినేలా పెట్టి చేతికిచ్చాడు సొలొమోను. "ఇక ఫోను పోయినా పాటలు పోవు బావగారూ" అన్నాడు ధీమాగా.

జక్కయ్య తొమ్మిది నెలలు బతికాడు, పలక మీద రాసి మాట్లాడుతూ. ఆ తొమ్మిది నెలల్లో సంపూర్ణమ్మ ఆ పాట జోలికి పోలేదు. మనిషి ఎదురుగా ఉండగా ఆయన గొంతును ఫోన్లోంచి వినడానికి ఆమెకు మనసొప్పలేదు. పోయాక ధైర్యం చాలలేదు. ఏడాది తిరిగాక చర్చిలో జరిగే జ్ఞాపకార్థ కూటంలో అందరితో కలిసి వింటానని మొక్కులాగా దాచుకుంది. ఆ మధ్య వానలకు కప్పు కురిసి, గూట్లో ఉన్న ఫోను తడిసి చచ్చిపోయింది. ఆమె కంగారు పడలేదు. సొలొమోను చెప్పాడు కదా, ఫోను పోయినా పాటలు పోవని.

కూటం పది రోజులుందనగా కొత్త ఫోను, సంచీడు నిమ్మకాయలు పట్టుకుని షాపుకొచ్చింది. పాస్‌వర్డు సొలొమోను నోటు పుస్తకంలో భద్రంగానే ఉంది. అది కొట్టగానే, కొత్త ఫోను కాబట్టి మీరేనని రుజువుకు కోడు పంపుతున్నాం అని తెర మీద పడింది.

సంపూర్ణమ్మ బల్ల మీదున్న సొలొమోను ఫోను వైపు చూసింది. "వచ్చిందా తమ్ముడూ కోడు?"

సొలొమోను తన ఫోను తీసి జేబులో వేసుకున్నాడు. "సర్వరు పనిచెయ్యట్లేదక్కా. కూటం రోజుకి పాటలు నేను తెస్తాగా" అన్నాడు.

ఆమె వెళ్లిందాకా ఆగి సైటు తెరిచాడు. ఆ నంబరు అక్కడ లేదు. దాని చోట వేరే నంబర్లు వచ్చాయి. అకౌంటు కంపెనీకి అర్జీ మీద అర్జీ పెట్టాడు, పేరు చెప్పాడు, చనిపోయిన సంగతి చెప్పాడు, ఇంగ్లీషులో బతిమాలాడు. ఈ అకౌంటు మీదేనని నిర్ధారించలేకపోతున్నాం అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. తొమ్మిదో రోజుకు మళ్లీ కొంతకాలం దాకా ప్రయత్నించవద్దని చెప్పేశారు.

కూటం రోజు పామర్రు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే వెళ్లాడు. చర్చి నిండిపోయి ఉంది. బల్ల మీద జక్కయ్య ఫొటో, పూలదండ. పక్కనే స్పీకరు, ఫోనుకు తగిలించడానికి సిద్ధంగా వైరు.

సంపూర్ణమ్మ ఎదురొచ్చింది. "వచ్చావా. నీ కోసమే ఆపాం."

ఆమెను పక్క వరండాలోకి తీసుకెళ్లాడు. "అక్కా, ఆ నంబరు నాది కాదు."

"మరెవరిది?"

"తెలియదక్కా." నెట్‌లో నంబర్ల సంగతి, అది మాయమైపోయిన సంగతి తలొంచుకుని చెప్పాడు. ఏడుపు ఆగక గోడకు ఆనుకున్నాడు.

ఆమె తిట్టలేదు. చేతిసంచిలోంచి చిన్న బటన్ ఫోను తీసింది. "ఇది మీ బావ సిమ్ము. పాత ఫోను పోయినా ఇది బాగానే ఉంటే ఇందులో వేయించా. ఆయన పోయిన కాడ్నుంచీ నెలనెలా రీచార్జి చేయిస్తానే ఉన్నా. దీనికి ఫోను చేసేవాళ్లెవరూ లేరు. ఆ నంబరు ఇంకొకళ్లకి పోకూడదని, అంతే. దీనికి రాదా కోడు?"

"రాదక్కా. ఆ రోజు ఇది పెట్టుంటే వచ్చేది." అబద్ధం చెప్పడానికి సొలొమోనుకు ఇక ఓపిక లేదు.

లోపల ఎవరో గొంతు సవరించుకుంటున్నారు. సంపూర్ణమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"పోనీ నువ్వన్నా విన్నావుగా తమ్ముడూ, ఎక్కించేటప్పుడు. మొత్తం వద్దులే. పల్లవి చెప్పు చాలు."

ఏదో ఒకటి చెప్పేయొచ్చు. రెండు వరసలు కల్పించి చెప్పినా ఆమె నమ్ముతుంది, పదిలంగా దాచుకుంటుంది. ఆ రోజు తగ్గించేసిన సౌండూ, ప్రింట్ల కోసం తొందరపెట్టిన మనిషీ కళ్ల ముందుకొచ్చారు.

"లేదక్కా. వినలేదు" అన్నాడు.

ఆమె చెయ్యి వదిలేసింది. లోపలికి వెళ్లి, స్పీకరు తీసెయ్యమని చెప్పి, ముందు వరసలో తన చోట కూర్చుంది. జనం జక్కయ్య కట్టిన పాత పాట ఒకటి ఎత్తుకున్నారు. రెండో చరణం వచ్చింది, అయిపోయింది కూడా. ఆమె గొంతు కలపలేదు. ఒళ్లో బటన్ ఫోను సిగ్నలు నిండుగా చూపిస్తూనే ఉంది.