ఎడమ కంటి మీద అరచెయ్యి

ఇబ్రహీంపట్నంలో నేను రక్తం తీసే పని చేసిన ల్యాబ్‌లో ఒక మేడం ఉండేది. మైక్రోస్కోపు పాతది, ఒంటి కన్నుది. ఎడమ కంటిని అరచేత్తో మూసుకుని, కుడి కంటితో చూసేది. సర్పి అనే నీటిపొక్కుల జబ్బు వచ్చినవాళ్ల పొక్కు అడుగు నుంచి గీకిన స్లైడులో, ఆ జబ్బుకు గుర్తుగా కేంద్రకాలు కిక్కిరిసిన పెద్ద కణం కనబడగానే "దొరికింది!" అని అరిచేది. ఆ అరుపు వినడం నాకు ఇష్టం.

ఒకరోజు యాచారం నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. నుదుటి నుంచి ఎడమ రెప్ప దాకా సర్పికి పూసిన ఎర్రజాజు మట్టి ఎండి, పెచ్చులు కట్టి ఉంది.

"ఎన్ని దినాలైంది అవ్వా?" అంది మేడం.

"పది దినాలైతుంది బిడ్డా. జాజు పూస్తే పోతదన్నరు. ఇప్పుడు గా కంటికి ఏం కనబడ్తలేదు."

అలా చెప్పినవాళ్ల మీద నాకు ఒళ్లు మండింది. మేడం జాజు తడిపి తుడిచింది. రెప్ప తెరిచి చూస్తే నల్లగుడ్డు పాలరంగుకు తిరిగి ఉంది. రెప్ప అంచున మిగిలిన ఒక్క పచ్చి పొక్కును గీకి, స్లైడుకు రంగు వేసి, ఎడమ కన్ను మూసుకుని చూసింది. కణం ఉంది. కానీ ఆమె అరవలేదు.

పక్కనే నిలబడ్డ అవ్వ వంగి, ఆమె ముఖంలోకి చూసి జాలిగా అడిగింది.

"నీకు గూడ ఒక్క కన్నేనా బిడ్డా?"

మేడం చాలాసేపు ఆ అరచెయ్యి తీయలేదు.