గోడకు అవతల బస్సు పందెం

మా ఆయన ఎలాంటి మనిషో పెనుకొండలో అందరికీ తెలుసు, నాకు తప్ప. ఇది ఎత్తిపొడుపు కాదు, నిజం. ఆయన ఏ మలుపులో గేరు మారుస్తాడో, ఏ ఊరి దగ్గర కావాలని నెమ్మదిస్తాడో, ఎర్ర బస్సును ఎక్కడ ముందుకు వదిలి ఎక్కడ పట్టుకుంటాడో, బస్టాండు పక్కనున్న కాఫీ హోటలు బెంచీ మీద కూర్చున్న ప్రతివాడూ పూస గుచ్చినట్టు చెప్పేవాడు. ఆ హోటలు వెనక గోడకు ఆనుకుని ఉన్న ఒంటిగదిలో నేను కాపురం ఉండేదాన్ని. కట్టుకున్నవాడి సంగతులు గోడ అవతలి నుంచి వినేదాన్ని.

యాభైల చివరి మాట ఇది. అప్పటికింకా ఆ దారిలో బస్సులు సర్కారువి కాలేదు. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరానికి రెండు ప్రైవేటు బస్సులు నడిచేవి. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. నీలం బస్సుకు మా ఆయన డ్రైవరు. పొద్దున ధర్మవరంలో బయలుదేరి హిందూపురం చేరడం, మధ్యాహ్నం మళ్లీ హిందూపురంలో బయలుదేరి సాయంత్రానికి పెనుకొండ రావడం, అక్కడ పది నిమిషాలు ఆగి ధర్మవరం పోవడం. పడక అక్కడే, బస్సు షెడ్డులో. వారానికి ఒక్కరోజు సెలవు, ఆ రోజే ఇంటికి.

నేను పుట్టింది ధర్మవరంలోనే. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. ఇంట్లో రెండు మగ్గాలు, ఏడుగురు మనుషులు, మాట వినపడాలంటే అరవాల్సిందే. ఆయనది వేరే ఊరైనా నేత ఇల్లే, మగ్గం గుంటలోంచి లేచి స్టీరింగు పట్టుకున్నాడు. అత్తగారి ఊళ్లో కాపురం పెడితే ఇల్లరికం వచ్చాడంటారని ఆయనకు రోషం. అందుకని దారి మధ్యలో పెనుకొండలో గది తీసుకున్నాడు. అలా నేను పుట్టిన ఊళ్లో ఆయన పడుకునేవాడు, ఇద్దరికీ ఎవరూ లేని ఊళ్లో నేను పడుకునేదాన్ని. ఈ ఏర్పాటు తెలివికి ఎవరిని మెచ్చుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

కాపురానికి వచ్చిన మొదటి నెలలో అమ్మను చూసి వస్తానని అడిగాను. నీలం బస్సులోనే పోతానన్నాను. ఆయన అన్నం కలుపుతూ తల ఎత్తకుండా చెప్పాడు: "నా బండి ఎక్కొద్దు. ఇంటి మనిషి బండిలో ఉంటే చెయ్యి ఆడదు."

అంతే. మేకపిల్లలు, కోళ్ల గంపలు, వేరుశనగ మూటలు ఎక్కే బండిలో నాకు మాత్రం చోటు లేదు. బండిలో లేనిది మనసులో మాత్రం ఉంటుందా అనుకున్నాను. ఆ అనుమానం నన్ను పీల్చి పిప్పి చేసింది. అడిగి తెలుసుకుందామంటే ఆయన మాటకు మాట కలిపే రకం కాదు.

మా అమ్మ అప్పుడప్పుడు బొరుగులో, చింతకాయ తొక్కో ఆయన చేతికిచ్చి పంపేది. పొద్దున హిందూపురం పోతూ ఆయన ఆ పొట్లం తెచ్చి మా పెరటి పిట్టగోడమీద పెట్టి, బస్సు దగ్గరికి పోయి హారన్ ఒక్కసారి కొట్టేవాడు. వచ్చి తీసుకో అని దాని అర్థం. నేను వెళ్లేసరికి పొట్లం ఉండేది, మనిషి ఉండేవాడు కాదు. సాయంత్రం ఆగే పది నిమిషాలూ అభిమానులవి.

అభిమానులని ఊరికే అనడం లేదు. ఊరు రెండు పార్టీలుగా చీలింది. నీలం పార్టీకి పెద్ద స్కూలు డ్రిల్లు మేష్టారు. మెడలో విజిలు, చేతికి గడియారం. ఎర్ర పార్టీకి పెద్ద బస్టాండు ముందు మిషను పెట్టుకున్న టైలరు. సాయంత్రం అయిదు కొట్టేసరికి ఇద్దరూ చెరో బెంచీ మీద తమ మందతో చేరేవాళ్లు. ఊరి బయట రైలు గేటు ఉండేది. ఆ గేటు దాటి ఏ బస్సు ముందొస్తే ఆ పార్టీది ఆ రోజు కాఫీ. ఓడినవాళ్లు తాగించాలి.

మా ఆయన ఎత్తుగడ గురించి మేష్టారు రోజూ పాఠం చెప్పేవాడు. రోడ్డు నడుమ సన్నగా తారు, అటూ ఇటూ మట్టి. ముందున్న బండి సైడు ఇస్తే తప్ప వెనకది దాటడానికి లేదు. అయితే ముందున్న బండి ప్రతి ఊళ్లోనూ ఆగాలి. కాబట్టి ఆయన చిన్న ఊరి దగ్గర ఆగుతున్నట్టు నటించి ఎర్ర బస్సును ముందుకు వదిలేవాడు. ఎర్ర బస్సు ఎగిరి దూకి తర్వాతి పెద్ద ఊళ్లో గంపలూ మూటలూ ఎక్కించుకుంటూ ఇరుక్కునేది. ఆ సందులో ఆయన దాటేసేవాడు.

"ముందర పోయేది ఎవుడైనా పోతాడు. ఎనక ఎప్పుడుండాల్నో తెలిసినోడే డ్రైవరు" అనేవాడు మేష్టారు.

"ఏమబ్బా, దొంగదెబ్బను పాఠమంటాండావు" అనేవాడు టైలరు.

వాళ్ల కొట్లాట వింటూ గోడకు ఇవతల నేను బియ్యం ఏరుకునేదాన్ని. ఆయన గెలిచిన రోజు నాకూ గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని చెప్పుకోవడానికి మనిషి లేక మళ్లీ బియ్యంలో పడేదాన్ని.

నాకు అయిదో నెల వచ్చినప్పుడు పొద్దున రైలుకు హిందూపురం ఆసుపత్రికి పోయాను. పోతున్నట్టు ఆయనకు చెప్పలేదు, చెప్పడానికి సెలవు రోజు దాకా ఆగాలి కదా. డాక్టరమ్మ చూసి, అంతా బాగుందిగానీ కుదుపుల బండ్లలో తిరగొద్దని చెప్పింది. అక్కడ ఆలస్యమై తిరుగు రైలు తప్పిపోయింది. కుదుపుల బండి తప్ప గతి లేక బస్టాండుకు వచ్చాను.

రెండు బస్సులూ నిలబడి ఉన్నాయి. నీలం బస్సులో ఆయన స్టీరింగు ముందు కూర్చుని నన్ను చూశాడు. చూసినవాడు దిగలేదు, పిలవలేదు, మొహం అటు తిప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చోటు లేకపోతే పీడా పోయింది అనుకుని గబగబా పోయి ఎర్ర బస్సు ఎక్కాను. చివరి సీటులో, వెనక అద్దం పక్కన కూర్చున్నాను.

ఎర్ర బస్సు ముందు బయలుదేరింది. అయిదు నిమిషాల తేడాతో నీలం బస్సు రావాలి. కొన్ని ఊళ్లు దాటేసరికి వెనక కనపడింది. ఎర్ర బస్సు డ్రైవరు ఒక పక్క చక్రాలు మట్టిలోకి దించి తోలాడు. వెనకవాడి కళ్లలో దుమ్ము కొట్టడానికి అది వాళ్ల ఎత్తు. దుమ్ము లేచి అద్దం మూసుకుపోయింది. పలచబడినప్పుడు చూస్తే నీలం బస్సు అక్కడే ఉంది.

సోమందేపల్లిలో ఎర్ర బస్సు ఆగి మూటలు పైకెక్కిస్తోంది. పక్కన రోడ్డు ఖాళీగా ఉంది. ఇదే ఆయన దాటే చోటని మేష్టారి పాఠాల వల్ల నాకు తెలుసు. నీలం బస్సు వచ్చి మా వెనకే ఆగింది. దాటలేదు. ఆయన బస్సులోవాళ్లు "పోనీయప్పా, పోనీ" అని అరుస్తున్నారు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఆయన అలా కూర్చున్నాడు, కళ్లు మాత్రమే కనపడుతున్నాయి. పెళ్లయ్యాక అంతసేపు ఆయన కళ్లు చూడటం అదే మొదలు.

ఎర్ర బస్సులో కూర్చుని నేను నీలం బస్సు గెలవాలని కోరుకున్నాను. దాటు, దాటు అని పళ్లు బిగబట్టాను. ప్రతి ఊళ్లోనూ మేం ఆగాం, మా వెనక ఆయన ఆగాడు. పెనుకొండ బయటికి వచ్చేసరికి రైలు గేటు మూయబోతున్నారు. మా బస్సు దూరిపోయింది, ఆయన బస్సు ముందు గేటు పడింది. గూడ్సు రైలు అడ్డం వచ్చింది.

పెనుకొండలో దిగాను. దిగినవాళ్ల మొహాలు చూసే తీరిక ఎవరికీ లేదు, అందరూ ఎర్ర బస్సు డ్రైవరు మెడలో పూలు వేస్తున్నారు. సందులోంచి గదికి వచ్చి గోడకు చెవి ఆనించాను.

"ఉండండప్పా, ఇందులో ఏదో ఎత్తు ఉండాది" అంటున్నాడు మేష్టారు. పాపం, ఇంకా నమ్మకం వదల్లేదు.

నీలం బస్సు వచ్చాక అడిగాడు: "ఏమప్పా, ఏమైంది?"

"బండి లాగలే" అన్నాడు మా ఆయన.

"లాగకుంటే అంత దగ్గర ఎట్ల వస్తివి? ఎర్రోళ్లకు అమ్ముడుపోయినాడు, అంతే" అన్నాడు వెనక నుంచి ఎవరో నీలం పార్టీ మనిషే. మేష్టారు కాదనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

అప్పుడు హారన్ మోగింది. సాయంత్రం పూట ఎప్పుడూ మోగదు. పిట్టగోడ దగ్గరికి పోతే ఈసారి పొట్లం లేదు, మనిషి ఉన్నాడు. జుట్టు, కనుబొమలు ఎర్రమట్టిలో దొర్లినట్టున్నాయి.

"చేరినావా?" అన్నాడు.

పిరికిగా ఓడి వచ్చి, నాలుగడుగుల దూరంలో ఉన్నదాన్ని చేరినావా అని అడుగుతాడేమిటి అని నా కోపం. జవాబు చెప్పకుండా లోపలికి వచ్చేశాను. బస్సు కదిలిన చప్పుడు వినపడింది.

ఆ తర్వాత సెలవు రోజు వచ్చింది, పోయింది. కంచం పెట్టి నేను పెరట్లోకి పోయాను, ఆయన తిని పడుకున్నాడు. హోటల్లో ఆయనకు ఎవరూ కాఫీ చెప్పడం మానేశారు. కానీ ఆ పందెం గురించి మాట్లాడటం మాత్రం మానలేదు. ఒక సాయంత్రం మేష్టారు మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. ఆడ సందు ఉండాది, ఈడ సందు ఉండాది, యాడా దూరలేదు అని వేళ్లు మడిచి, విసుగుతో అన్నాడు:

"ముందర బండిలో ఇంటి మనిషి ఎవురో కూచున్నట్ల తోలినాడప్పా!"

బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. ఇవతల నా చేతిలో చేట అలాగే ఆగిపోయింది. చెయ్యి ఆడదు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆగినచోట దాటితే ఎర్ర బస్సువాడు పంతానికి వెంటపడి తోలతాడు, దారిలో దాటబోతే అడ్డం తిప్పుతాడు, ఏ బండి ఎక్కడ పడుతుందో తెలియదు. ఆ దారిలో కడుపుతో ఉన్న నన్ను తన ముందు పెట్టుకుని ఆయన దుమ్ము తింటూ వచ్చాడు. అది తెలుసుకోవడానికి నాకు నవ్వేవాళ్లు కావలసి వచ్చారు. కూర్చుని ఏడ్చాను.

ఆ వారం సెలవు రోజున పెరట్లో వేడినీళ్లు తోడి పెట్టాను. ఆయన చెంబు ముంచుతున్నాడు.

"చేరినా" అన్నాను.

చెంబు ఆగింది. పదిహేను రోజుల కిందటి ప్రశ్నకు జవాబని ఆయనకు అర్థమైంది. నా వైపు చూడకుండానే అన్నాడు: "గేటు దాటేదంకా చూస్తానే ఉంటి. చెయ్యి ఆడలే."

"ఆ మాట వాళ్లకు చెప్పరాదా?"

"ఏమని చెప్పేది?" అని నీళ్లు పోసుకున్నాడు.

మర్నాడు సాయంత్రం నీలం బస్సే ముందొచ్చింది. అయినా ఎవరూ విజిలు వేయలేదు. ఆయన బెంచీ చివర ఒక్కడే కూర్చుని తన కాఫీ తనే చెప్పుకున్నాడని గొంతును బట్టి తెలిసింది. ఇవతల నేను కాఫీ కలుపుకుని అదే గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. పది నిమిషాలు గడిచాయి. హారన్ ఒక్కసారి మోగింది. పిట్టగోడమీద పొట్లం ఏమీ ఉండదని తెలిసీ, పిలుపు నాకేనని లేచి వెళ్లాను.