జారని గొంతు

కళ్ళద్దాల కొట్టులో అద్దాల అంచులు అరగదీసే ఆవిడకి యాభై రెండేళ్ళు. వారమంతా మర మీద వంగి పని. ఆదివారం పొద్దున మాత్రం వడ్రంగి కార్ఖానా మీదున్న గదికి, రంపప్పొట్టు వాసనలో మెట్లెక్కి, పాటకి వెళ్ళేది. అవి వందల ఏళ్ళ నాటి పాటలు. వాద్యం ఉండదు. నలుగురు నాలుగు వేరువేరు వరసలు పాడుతూ ఒకదాంతో ఒకటి అల్లుకుపోవాలి. పై వరస పాట నేర్పే మాస్టారి కూతురిది, అడుగు వరస ఈవిడ తమ్ముడిది. మధ్య రెండూ మాస్టారూ, ఈవిడా పాడేవాళ్ళు. ఆ మధ్యవి విడిగా ఎవరి చెవినా పడవు. లేకపోతే మాత్రం పాట చతికిలబడుతుంది.

మాస్టారు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పాటకి ముందు శ్రుతిదండం, అదే రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ, మోకాలికి కొట్టి మోగించి శ్రుతి ఇచ్చేవారు. పాట అయ్యాక మళ్ళీ కొట్టేవారు. నలుగురూ ఎంత కిందికి జారారో అప్పుడు తేలిపోయేది. జారని ఆదివారం లేదు.

"మళ్ళీ నువ్వే కిందికి లాగేశావమ్మా," అనేవారు ఆవిడతో.

పన్నెండేళ్ళుగా ఇదే తంతు. ఆవిడ ఆ నింద నెత్తినేసుకుంది. మర రొదలో కూనిరాగాలు తీస్తూ సాధన చేసింది, గొంతు పాడవుతుందని చల్లటి నీళ్ళు మానేసింది. ఇంత మంచితనం చూస్తే జాలి కలగదు, ఒళ్ళు మండుతుంది. నెలలో కచేరీ ఉంది. ఇంకోసారి జారితే ఆవిడ చోట్లో వేరేవాళ్ళని చూస్తానని మాస్టారు ముందే చెప్పేశారు. ఆవిడకి ఆ గది తప్ప ఇంకో సరదా లేదు.

ఒక ఆదివారం మాస్టారు జ్వరమొచ్చి రాలేదు. ముగ్గురే పాడారు. చివర కూతురు శ్రుతిదండం కొట్టింది. వీసమెత్తు తేడా లేదు. ఆ అమ్మాయి ఇంట్లో పనుందంటూ గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"ఒరేయ్, జారేది ఆయనరా!" అంది ఆవిడ.

తమ్ముడు కిటికీ రెక్క మూశాడు. "తెలుసక్కా. మొదటి ఏడాదే తెలుసు."

"మరి చెప్పవేం?"

"చెబితే ఆయన అలిగి పాటే మానేస్తాడు. నువ్వెలాగూ సర్దుకుపోతున్నావుగా."

తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆవిడే. ఈ గదికి వేలు పట్టుకుని తెచ్చిందీ ఆవిడే.

మరుసటి ఆదివారం మాస్టారొచ్చారు. రెండో చరణానికే ఆయన గొంతు దిగింది. వెంటనే కూతురు దిగింది, తమ్ముడూ దిగాడు. ఇన్నేళ్ళూ వాళ్ళతోపాటే దిగిన ఆవిడ ఈసారి దిగలేదు. పాట వినలేనంత రోతగా తయారైంది. అయినా చివరిదాకా పాడి, బల్ల మీది శ్రుతిదండం తనే తీసి కొట్టింది. అది పలికిందీ ఆవిడ పలికిందీ ఒక్కటే.

మాస్టారు దానివైపు చూడనైనా లేదు. "ముగ్గురం ఒకచోట ఉన్నాం, నువ్వొక్కదానివే ఎక్కడో ఉన్నావు. ఇలాగైతే కుదరదమ్మా."

ఆవిడ తమ్ముడి మొహంలోకి చూసింది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటాడని ఎదురుచూసింది. వాడు పాట కాగితాలు సర్దుతున్నాడు.

"మాస్టారూ," అన్నాడు తలెత్తకుండా, "మా వీధిలో ఒకావిడ బాగానే పాడుతుంది. వచ్చేవారం తీసుకురానా?"