సీటు మీద వేపమండ

కరోనా రెండో ఏడు వేసవిలో, గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ సంచిలోంచి వేపమండ తీసి మా ఇద్దరి మధ్య పెట్టింది. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి కట్టే మండ అది. అది కనబడితే బయటివాళ్ళు గడప తొక్కరు. ఈవిడకే ఏదో ఉందని అనుమానమొచ్చి కిటికీ వైపు జరిగాను.

"మీ ఇంట్లో ఎవరికైనా బాగోలేదాండీ?"

"మా ఇంట్లో కాదు. నువ్వు ఎక్కిన కాడ్నుంచి దగ్గుతున్నావు."

"మిరప ఘాటండి," అంటూ ముందు సీటాయన కాళ్ళ దగ్గరున్న మిరపకాయల గోతం చూపించాను.

ఆవిడ నమ్మలేదు. "నా చిన్నప్పుడు మా తమ్ముడికి జ్వరమొస్తే ఎండదెబ్బ అనుకున్నాం. పొక్కులు తేలేసరికి చుట్టాలంతా వచ్చి చూసిపోయారు. ఆ తర్వాత కట్టాం మండ."

నాకు కోపమొచ్చి తల తిప్పుకున్నాను.

ప్రత్తిపాడులో ఆవిడ దిగిపోయింది. గోతం ఎత్తుకుని ముందు సీటాయనా దిగాడు. మండ మాత్రం సీటు మీదే ఉండిపోయింది.

బస్సు ఊరు దాటి చాలా దూరం వచ్చింది. నా దగ్గు ఆగలేదు.

ఇంటికి చేరాక, ఎదురొస్తున్న నా కూతుర్ని లోపలే ఉండమని చెప్పి, ఆ మండను తలుపు గొళ్ళేనికి నేనే కట్టాను.