వంకలేని బిళ్ళ

మా హౌస్ ఓనరు రాధాకృష్ణమూర్తి మాస్టారికి లోకంలో గిట్టని మాట ఒక్కటే. ‘బావుంది.’ తిట్టండి, పడతారు. ఆయన పేపరు ఆయన కంటే ముందు చదివెయ్యండి, సర్దుకుపోతారు. కానీ ఆదివారం పూట ఆయన చేసిన ఓట్స్ బిళ్ళ తిని "బావుంది మాస్టారూ" అన్నారో, అయిపోయారే!

"బావుందా? ఏం బావుంది? నోట్లో నాలికే ఉందా, అట్టముక్క ఉందా? తప్పు చెప్పు, తప్పు!"

తప్పు చెప్పేదాకా గేటు వదలరు. పాపం ఓ కొరియరబ్బాయి సంతకం కోసం వచ్చి, ముక్క తిని, మర్యాదకి "సూపర్ సార్" అన్నాడు. వాడి బండి తాళం మాస్టారి జేబులోకి వెళ్ళిపోయింది. చివరికి వాడు ఏడుపుమొహంతో "కాస్త మాడింది సార్" అంటే, "ఆఁ! అదీ! వృద్ధిలోకొస్తావు" అని దీవించి తాళం ఇచ్చేశారు. ఆ పిల్లాడు ఇప్పటికీ మా లైనులో పార్సిలుంటే పక్క లైను నుంచి ఫోన్ చేసి అక్కడికి రమ్మంటాడు.

ఓట్స్ బిళ్ళ ఏంటని మీరు అడక్కముందే చెప్పేస్తాను. ఓట్స్, గోధుమపిండి, వెన్న, పంచదార పొడిపొడిగా కలుపుతారు. సగం ట్రేలో ఒత్తి, మీద పండ్ల గుజ్జు పరిచి, మిగతా సగం పైన చల్లి ఓవెన్‌లో ఎర్రగా కాలుస్తారు. చల్లారాక ముక్కలుగా కోస్తారు. దానికేదో ఇంగ్లీషు పేరుంది గానీ మా గుంటూరు బ్రాడీపేట నోళ్ళకి బిళ్ళే అలవాటైంది. ఆ ఓవెన్ కూడా ఆయన ముచ్చటపడి కొన్నది కాదు. పంచెల చాపు కొందామని వెళితే బట్టల కొట్టువాళ్ళ లక్కీ డ్రాలో తగిలింది. ఏకై వచ్చి మేకై కూర్చుందది మా అందరి నెత్తినా.

మాస్టారు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. ‘ఇచ్చిన లవణం ఏదో కనుక్కోండి’ అని పిల్లలచేత ముక్కులదిరే వాసనలు పీల్పించిన మనిషి. ఆ చెయ్యి ఊరుకుంటుందా? ఇప్పుడు లవణం బదులు బిళ్ళ, పిల్లల బదులు మేము. పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ "ఊఁ, కానివ్వు" అంటారు. అచ్చం వైవానే.

ఆ వైవాలో ఒక్కసారి కూడా పాసవ్వని అభాగ్యుడు మా ఆయన రామకాంత్. ఆయనకి నోట్లో నాలుక లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా ఉప్మాకి సైతం "బావుంది" అంటూ బతుకుతున్న మనిషి, ఎదుటివాళ్ళ వంటకి వంక ఎక్కణ్ణుంచి తెస్తారు? ప్రతి ఆదివారం చెమటలు తుడుచుకుంటూ "బావుంది మాస్టారూ" అనడం, ఆయన "ఫెయిల్! సప్లిమెంటరీ కట్టుకో" అనడం. మేం పైపోర్షనులో దిగి ఏడాదవుతోంది. ఏడాదిగా ఇదే వరస.

తమాషా ఏంటంటే, కొలతల్లో మాస్టారంత చాదస్తుణ్ణి నేనెక్కడా చూళ్ళేదు. పంచదార చెంచాలో పోస్తే పైన స్కేలు పెట్టి గీసి సమం చేస్తారు. వెన్న తూచడానికి చిన్న కాటా ఉంది. ఇంత జాగ్రత్త మనిషి చేసిన బిళ్ళ ఒక్క ఆదివారమైనా సరిగ్గా రావాలా, రాదు! వేసవిలో మామిడిపండు గుజ్జులో ఇంగువ. వానల్లో నేరేడు గింజలు తియ్యకుండానే ట్రేలోకి. సీతాఫలాల రోజుల్లో వాము. ప్రతిసారీ ఏదో ఒకటి తగలడుతుంది. విచిత్రం, ఎప్పుడూ ఒకటే. రెండు తప్పులుండవు.

మొదటి ముక్క మటుకు వాళ్ళ వదినగారు బాలసరస్వతమ్మగారిది. మాస్టారు పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడే తల్లి పోతే ఈ వదినగారే అన్నం పెట్టి పెంచింది. అందరూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఆవిడ వంక పెట్టని పెళ్ళి భోజనం గుంటూరు జిల్లాలో లేదని ప్రతీతి. ఓసారి పొన్నూరు పెళ్ళిలో పులిహోర ముద్ద నోట్లో పెట్టుకుని, "పోపు వేగలేదు, వాడికెక్కడికో వెళ్ళే తొందరుంది" అందిట. వంటాయన చేతులు కట్టుకుని వచ్చి, "నిజమేనమ్మా, బస్సుందని" అని ఒప్పుకున్నాడట.

అదంతా ఒకప్పటి మాట. మేం దిగడానికి కొన్నాళ్ళ ముందే మాస్టారి అన్నగారు పోయారు. అప్పట్నుంచీ ఆవిడకి తిండి మీద ధ్యాస పోయింది. "రెండు మెతుకులు కెలికి చాలంటదమ్మా" అని పనిమనిషి జాన్‌బీ నా దగ్గర కళ్ళొత్తుకునేది. డాక్టరుగారైతే కేకలేశారు, మనిషి మరీ ఊచలా అయిపోతోంది, ఎలాగోలా తినిపించండి అని.

అటువంటి మనిషికి ఆదివారం ఈ బిళ్ళొకటి! మామిడిపండు రోజు నాకింకా గుర్తే. ఆవిడ ముక్క కొరికింది. మొహం చిట్లించింది. ఇంకాస్త కొరికింది.

"ఏమయ్యా కృష్ణమూర్తీ, ఇది బిళ్ళా, మాగాయ జాడీయా? ఇంగువెందుకు తగలేశావు?"

"అబ్బో, మహా కనిపెట్టావులే! కాస్త పడిందేమో."

"కాస్తా? పక్క లైనుకి కొడుతోంది వాసన! యాభై ఏళ్ళు నా చేతి కూడు తిని నేర్చుకున్నది ఇదటయ్యా?"

అలా ఓ అరగంట కడిగేసింది. మాస్టారు తలొంచుకుని నిలబడ్డారు. నాకు మటుకు ఒళ్ళు మండింది. అసలే తిండి సయించని పెద్దావిడ, ఆవిడ నోట్లో ఇంగువ కుక్కడం ఏం సరదా అండీ? మా ఆయనతో అంటే, నిట్టూర్చి, "ఒక్కసారి సరిగ్గా కుదిరితే చాలు సుధా, పాపం కడుపునిండా తింటారావిడ" అన్నారు.

ఆ మాట ఆయన మనసులో ఉండిపోయింది.

సపోటాల ఆదివారం. మా ఆయన నిచ్చెన అడగడానికి కిందికి వెళ్ళారు. మాస్టారు గేటు దగ్గర గ్యాసు సిలిండరబ్బాయికి ఏదో పాఠం చెబుతున్నారు. వంటింట్లో బేసిన్ నిండా ఓట్స్ కలిపి పెట్టి ఉన్నాయి. ఓ చిటికెడు నోట్లో వేసుకున్నారట, చప్పగా ఉంది. చుట్టూ చూస్తే పిండిడబ్బా వెనకాల, మూత పెట్టిన గిన్నెలో, కొలిచి పెట్టిన పంచదార! "అయ్యో, పెద్దాయన మర్చిపోయారు" అనుకుని, మొత్తం వంపి, చక్కగా కలిపి, పిల్లిలా పైకి వచ్చేశారు.

"ఇవాళ పెద్దావిడ తింటుంది చూడు!" అన్నారు, చేటంత మొహం చేసుకుని.

నేనూ మురిసిపోయాను. అబద్ధమెందుకు, ఆ కాలుతున్న వాసనకి మా లైను లైనంతా తలుపులు తీసింది. ఎప్పుడూ పిలిచినా రానివాళ్ళు కూడా పిలవకుండా వచ్చారు.

సరస్వతమ్మగారు వరండాలో కుర్చీలో కూర్చుంది. ముక్క కొరికింది. నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది. మాస్టారి వంక ఓసారి చూసింది.

"బావుంది," అంది.

మిగతా ముక్క పళ్ళెంలో పెట్టేసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, లోపలికి వెళ్ళి మంచం మీద అటు తిరిగి పడుకుంది.

మాస్టారు గబగబా ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇందులో పంచదార ఉంది!"

"ఉండాలి కదండీ," అన్నారు మా ఆయన సంబరంగా.

"నేను వెయ్యలేదే!"

"తెలుసండీ. మీరు మర్చిపోతే నేనే వేశాను."

"మర్చిపోయానా? నేనా? దాచానయ్యా మహానుభావా! కొలిచి మరీ దాచాను!"

మమ్మల్నిద్దర్నీ వంటింట్లోకి లాక్కెళ్ళి, తలుపు దగ్గరగా వేసి చెప్పారు. అన్నగారు పోయాక వదినగారి నోట "చాలు, వద్దు" తప్ప మూడో మాట లేదట. ఓవెన్ వచ్చిన మొదటి ఆదివారం, కొత్త కదా, కంగారులో పంచదార బదులు నిజంగానే ఉప్పు పోసేశారట. ఆవిడ కొరికి, తూ అని ఊసి, మొగుడు పోయాక మొదటిసారి నోరు విప్పి తిట్టింది. తిట్టీ తిట్టీ అలసిపోయి, "ఆకలేస్తోంది, మజ్జిగన్నం కలుపు" అంది.

"ఇంకేం కావాలమ్మా నాకు?" అన్నారు మాస్టారు. "వంక పెట్టాలంటే తినాలి కదా! ఒక ముక్కతో తేలకపోతే రెండోది తినాలి. బావుందంటే ఇంకేముంది, పళ్ళెం పక్కన పెట్టేస్తుంది. చూశారుగా!"

"మరి మా అందరికీ ఈ వైవాలెందుకండీ?" అన్నాను.

"ఆవిడొక్కదాన్నే అడిగితే అనుమానం రాదూ?"

ఓరి నాయనో! ఒక వదినగారి కోసం లైను లైనంతటికీ ఏడాది పాటు ఇంగువ బిళ్ళలు తినిపించాడీ మానవుడు! కోపం రావాలి నిజానికి. నాకు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. మా ఆయన మటుకు మొహం వేలాడేసుకుని, ఆ పూట నా ఉప్మా గురించి కూడా ఏమీ అనలేదు.

మర్నాడు కూడా ఆవిడ అన్నం ముట్టలేదని జాన్‌బీ చెప్పింది. నేను ఉండబట్టలేక కిందికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను.

"పెద్దమ్మగారూ, నిన్న బిళ్ళ నచ్చలేదా?"

"అది వాడి చేతి బిళ్ళేనా?" అంది ఆవిడ.

మా ఆయన వెలగబెట్టిన నిర్వాకం చెప్పక తప్పలేదు. ఆవిడ లేచి కూర్చుని నిండుగా ఊపిరి పీల్చుకుంది.

"బతికించావు తల్లీ! నా మీద విసుగొచ్చిందేమో వాడికి, ఇక ఆదివారాలు లేవేమో అని గుండె జారిపోయింది."

"అంటే... మీకు తెలుసా?"

"తెలీకేం! పంచదార గిన్నె పిండిడబ్బా వెనకాల దాచడం వాడికి చిన్నప్పట్నుంచీ ఉంది. అప్పుడు తినడానికి దాచేవాడు." ఆవిడ నవ్వింది. "వాళ్ళన్న పోయాక నాకంటే వాడే ఎక్కువ ఎండిపోయాడే పిల్లా. నాలుగు తిట్లు పడితే గానీ ముద్ద దిగదు వాడికి. అందుకని ఓపిక లేకపోయినా తిడుతున్నా."

"ఈ సంగతి మాస్టారితో చెప్పనా?"

"చెప్పావంటే ఊరుకోను! నన్నేదో మోసం చేస్తున్నానని సంబరపడుతున్నాడు వెర్రినాగన్న, పడనీ."

తరవాతి ఆదివారానికి మాస్టారు కసిగా సిద్ధమయ్యారు. జరిగిన నష్టం పూడ్చాలంటే చిన్నాచితకా తప్పు సరిపోదు. జామపండ్ల గుజ్జు చేశారు. ఆ వారమే మర పట్టించిన కొత్త కారం, ఎర్రటిది, మూత తీస్తేనే తుమ్ములొచ్చేది, రెండు చెంచాలు గీసి మరీ పోశారు. ఈసారి మా ఆయనకి వంటింటి ప్రవేశం లేదు. వరండాలో కుర్చీ వేసి, ఎదురుగా జాన్‌బీని కాపలా పెట్టారు.

సరస్వతమ్మగారు కొరికింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. నమిలింది. ముక్క అయిపోయింది. ఇంకోటి తీసుకుంది.

నేనూ ఒకటి నోట్లో పెట్టుకున్నాను. అయ్య బాబోయ్! జామపండూ, కొత్త కారమూ! గుంటూరులో పుట్టిన నాలిక ఆ రెంటినీ ఎక్కడ వద్దంటుంది? అదిరిపోయింది.

"సారూ, బలే ఉంది!" అని జాన్‌బీ అరిచేసింది.

"ఫెయిల్!" అన్నారు మాస్టారు. పాపం ఎంత ఘోరంగా చెడగొడదామనుకుంటే అంత గొప్పగా కుదిరి చచ్చింది. వదినగారి ముందుకి వంగి, "వదినా... తప్పు?" అన్నారు బిక్కమొహంతో.

"ఉండవయ్యా, తొందరేంటి? ఇంకో ముక్క తింటే గానీ తెలీదు. ఇటు పెట్టు."

మూడోదీ అయింది. నాలుగోదీ అయింది. ముక్కూ కళ్ళూ కారుతున్నాయి, కొంగుతో తుడుచుకుంటోంది, తింటోంది. పళ్ళెం ఖాళీ అయ్యాక మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"వంకరగా కోశావు ముక్కలు. ఒక్కటంటే ఒక్కటి సమంగా లేదు. పంచదారకి స్కేలు పెట్టి గీస్తావే, కత్తికి పెట్టలేవూ? యాభై ఏళ్ళు..."

"నిజమే వదినా! నిజమే!" మాస్టారి మొహం మతాబాలా వెలిగిపోయింది. "అసలు నాకు కొయ్యడం రాదు వదినా!"

ఆవిడ తిడుతోంది, ఆయన తలూపుతున్నారు. నా వైపు ఓరగా చూసి కన్ను గీటింది ఆవిడ. అప్పుడే మా ఆయన కుర్చీలోంచి లేచారు. గొంతు సవరించుకున్నారు.

"మాస్టారూ, ఒక లోపం."

అందరం అటు తిరిగాం. మా ఆయన! లోపం!

"చెప్పవోయ్," అన్నారు మాస్టారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

"నాకు ఒక్క ముక్క కూడా మిగల్లేదండీ."

"పాస్!" అని అరిచి, మా ఆయన్ని కావలించుకున్నంత పని చేశారు.

ఆ ఊపుతో మెట్లు రెండేసి ఎక్కి వచ్చి, ఆకలి మీద నా ఉప్మా ముందు కూర్చున్నారు మా ఆయన. ఒక చెంచా తిని, కాస్త ఆలోచించి, "సుధా, ఇందులో..." అన్నారు. నేను గరిటె చేతిలోకి తీసుకున్నాను.

"బావుంది," అన్నారు.