గాటయ్య కేసు నకలు

మా ఇంటి కింది గదిలో మాంసం కొట్టు నడిపే మనిషిని వీధంతా గాటయ్య అంటుంది. చెవి కింద మొదలైన గాటు దవడ మీదుగా మెడ దాకా దిగి ఉంటుంది గనక ఆ పేరు. అతని గురించి రాయడానికి నాకంటే తగినవాడు ఈ వీధిలో లేడు. పల్లెటూరి బడిలో ఐదో తరగతితో ఆగిపోయిన నేను, కోర్టు రికార్డు గదిలో బంట్రోతుగా చేరి, ఆ గదికే పెద్దనై రిటైరయ్యాను. నా హయాంలో ఒక్క ఫైలు పోలేదు. గది అంటుకున్నప్పుడు తడి గోనె కప్పుకుని లోపలికి దూరి హత్య కేసుల కట్టలు మోసుకొచ్చింది నేనే. ఆ కాలిన మచ్చలు ఇప్పటికీ వీపు మీద ఉన్నాయి, అడిగినవాళ్లకు చూపిస్తాను.

గాటయ్య మాట తక్కువ మనిషి. ఇంట్లో అతనూ, మేనకోడలూ ఇద్దరే. పిల్ల చంటిగా ఉండగానే దాని అమ్మానాన్నా బస్సు బోల్తాపడి పోయారని మాకు చెప్పాడు. పిల్లకీ అదే చెప్పాడు. ఎముకలు నరికే ఆ చేతులతోనే రోజూ దానికి జడ వేసేవాడు.

ఒకరోజు పొద్దున్నే టైర్ల కొట్టువాడి ఫోనులోకి ఒక ఫొటో వచ్చింది. డబ్బు కడితే ఎవరి పాత కేసులైనా తవ్వి ఇస్తామనే ఏదో ప్రైవేటు వెబ్‌సైటులోది. గాటయ్య అసలు పేరు, తండ్రి పేరు, ఎదురుగా 'హత్య, యావజ్జీవం' అని ఉంది. అంతే, వీధి కుర్రకారు రాడ్లతో కొట్టు మీద పడ్డారు.

మొదటి దెబ్బకి గాటయ్య మోకాలు వంగింది. రెండో దెబ్బ మోచేతి కింద పడితే ఎముక విరిగిన చప్పుడు మెట్ల మీదున్న నాకు వినపడింది. రెండో చేతిలో మాంసం కత్తి ఉంది. ఎత్తలేదు. మొద్దు మీద పెట్టేసి తల దాచుకున్నాడు.

"ఎవర్ని నరికావురా? చెప్పు!" టైర్లవాడు జుట్టు పట్టి ముఖాన్ని మొద్దుకేసి కొట్టాడు.

నేను దిగి నా చేతికర్రతో వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చాను. ఎవడిదో మోచెయ్యి నా నోటికి తగిలింది. పన్ను ఊడి అరచేతిలో పడింది. జేబులో వేసుకున్నాను.

"తాతా, జరుగు. నీకూ పడతాయి," అన్నాడు టైర్లవాడు.

"పడ్డాయిగా, ఇంకేం జరుగుతాను? యావజ్జీవం పడ్డవాడు ఇక్కడ మాంసం ఎలా కొడుతున్నాడో ఆలోచించావా? గాలి టైర్లలో కొట్టాలిరా, బుర్రలో కాదు."

వెనకెవడో నవ్వాడు. ఆ నవ్వు సందులోనే మాట పెట్టాను. "రేపు సాయంత్రానికి కోర్టు ముద్ర పడ్డ తీర్పు తెస్తాను. ఇతనే ముద్దాయని ఉంటే చేతులు నేనే పట్టుకుంటా, నువ్వు కొట్టు."

"మాట తప్పవుగా?"

"కోర్టు మనిషినిరా నేను!"

ఆసుపత్రిలో చేతికి కట్టు వేశారు. పోలీసులకు ఫిర్యాదు ఇమ్మంటే గాటయ్య ససేమిరా అన్నాడు. ఎందుకో నాకు మర్నాడు తెలిసింది.

పేరు చూసి మనిషిని పట్టుకోవడం తెలివితక్కువ పని. కోర్టు సొంత కంప్యూటర్లో కేసు నంబరు పట్టాలి. ఆ నంబరుతో తీర్పు తీయించి, మన మనిషి అందులో ముద్దాయా, ఫిర్యాదుదారా, సాక్షా అని చూడాలి. ఆపైన అప్పీలు ఏమైందో చూడాలి. రికార్డు గదిలో అందరికీ నేను నేర్పిన వరస ఇది. నకళ్ల విభాగంలో ఇప్పుడున్నామె నా దగ్గర పని నేర్చుకున్న మనిషే, అయినా దరఖాస్తు లేకుండా కాగితం తాకనివ్వలేదు. నాకు గర్వమేసింది. కారణం రాసి, జడ్జిగారి ఉత్తరువు తెచ్చుకుని, అర్జంటు నకలు తీసుకుని అక్కడే బల్ల మీద చదివాను.

చనిపోయింది గాటయ్య చెల్లెలు. ముద్దాయి ఆమె మొగుడు. వంటగదిలో కొడవలితో మెడ మీద, రొమ్ముల మీద, అడ్డం పెట్టుకున్న అరచేతుల మీద నరికాడు. తర్వాత చాపమీది చంటిపిల్ల మీదికి కొడవలి ఎత్తితే, దానికి అడ్డం పడి మెడ తెగినవాడు రెండో సాక్షి. మన గాటయ్య. వెబ్‌సైటువాళ్లు తీర్పులో కనపడ్డ పేర్లన్నిటికీ ఒకే శిక్ష తగిలించేశారు. మొగుడి అప్పీలు కొట్టేశారు. జైల్లోనే చచ్చాడని ఫైల్లో ఉంది.

ఇంటికొచ్చి నకలు గాటయ్య ముందు పెట్టాను. చూడకుండానే దాని మీద చెయ్యి వేశాడు.

"చదవొద్దు పెద్దాయనా."

"చదవకపోతే చంపేస్తారయ్యా!"

"చంపనీండి. పిల్ల వింటుంది. వాళ్ల నాన్నే అని... వద్దు."

చెప్పిన వేళకి రాడ్లు వచ్చాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"గట్టిగా చదువు తాతా. వీధంతా వినాలి."

లోపలి గది తెర వెనకనుంచి పిల్ల ఏడుస్తూ అరిచింది. "చదవండి తాతయ్యా! మా మావయ్య ఏం చెయ్యలేదని చెప్పండి!"

నా గొంతు జడ్జీలు మెచ్చుకున్న గొంతు. బంట్రోతుగా ఉన్నప్పుడు నేను కేసు పిలిస్తే గేటు దాకా వినపడేది. అలాంటి నేను చదవలేదు. నకలు టైర్లవాడి చేతిలో పెట్టి, "నువ్వే చదువుకో. మనసులో," అన్నాను.

వాడు పెదాలు కదుపుతూ చదివాడు. ఒకచోట పెదాలు ఆగాయి. గాటు వైపు చూశాడు. తెర వైపు చూశాడు. రాడ్డు నేలకు దించాడు.

"ఏరా, వీడేనా?" అన్నాడు పక్కవాడు.

"కాదు. సాక్షి."

"మరి చంపిందెవడు?"

"ఎవడో. మనకి తెలీనోడు. పదండి."

"పేరు చెప్పరా అంటే!" అని పక్కవాడు కాగితం లాక్కోబోయాడు. టైర్లవాడు పిడికిలి బిగించి వాడి ముక్కు మీద గుద్దాడు. రక్తం గుమ్మం మీద చిందింది. "పదమన్నానా!"

నకలు నాలుగు మడతలు పెట్టి నా జేబులో, ఊడిన పన్ను పక్కన కుక్కి, వాణ్ని కాలరు పట్టి ఈడ్చుకుపోయాడు.

గాటయ్య చేతికి కట్టు ఉంది గనక ఆ సాయంత్రం పిల్లకు జడ నేనే వేశాను. వంకరగా వచ్చిందని నవ్వింది. నేను చేపట్టినవాటిలో వంకరపోయింది అదొక్కటే.