ముగ్గులో వదిలిన కిటికీ

ప్లాన్ సార్ పోయారని మంగళవారం పొద్దున మా ఇల్లు కట్టిన మేస్త్రి ఫోన్ చేసి చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎవరి మీదో కాదు, నా మీదే.

తిరువూరులో జీవితమంతా ఇళ్లకు ప్లాన్లు గీసిన మనిషి. పెద్ద చదువు చదివిన ఆర్కిటెక్టు, అయినా మాకందరికీ ప్లాన్ సారే. చావింటి దగ్గర అందరూ "ఆయన గీసిన ఇల్లేనండీ మాది" అని గొప్పగా చెప్పుకుంటుంటే చిరాకేసింది. అందులో ఒకాయన వరండా మూసి షాపు చేశాడు. ఇంకొకాయన పెరడంతా గదులేశాడు. గీసింది ఆయన, కట్టుకున్నది ఎవరికి తోచినట్టు వాళ్లు. నేనూ తక్కువ తినలేదు.

ఆయన పద్ధతే వేరు. పునాది తవ్వకముందు స్థలంలో గదులకు ముగ్గు పోయించి, ఇల్లాలిని పిలిచేవారు. "అమ్మా, ఇది మీ వంటిల్లు. ఇక్కడ పొయ్యి, అక్కడ సింకు. కాసేపు వంట చేయండి" అన్నారు, మా స్థలంలో ముగ్గు పోయించిన రోజు మా ఆవిడతో. సిగ్గుపడుతూనే లేని గిన్నె ఎక్కించింది, లేని కూర కలిపింది. రెండు నిమిషాలకు కొంగుతో మొహం తుడుచుకుని ఎడమవైపు తిరిగింది.

"ఆఁ, అక్కడే కిటికీ" అంటూ ఆయన చెప్పుతో అటువైపు ముగ్గు గీతని మూరెడు మేర చెరిపేశారు.

"వంటింట్లో నిలబడే మనిషిని అడక్కుండా గీస్తే అది చిత్తుకాగితమండీ" అనేవారు.

తీరా గోడ లేచేటప్పటికి ఎ.కొండూరు నుంచి మా బావ వచ్చి, అక్కడ గోడ నిండా అల్మారా పెడితే చూడముచ్చటగా ఉంటుందన్నాడు. పెట్టించేశాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. సార్ మాత్రం వంటింట్లోకి తొంగిచూసి, భోజనం చేయకుండానే వెళ్లిపోయారు.

తర్వాత బజార్లో ఎప్పుడు కనపడినా ఒకటే మాట.

"కిటికీ పెట్టించారా?"

"ఈ ఎండాకాలం పెట్టిస్తాను సార్."

"ఆవిడకి చెప్పండి ఆ మాట."

పదకొండు ఎండాకాలాలు గడిచాయి. మా ఆవిడ ఒక్కసారీ నన్ను అడగలేదు. ఉక్కగా ఉందా అని నేనూ అడగలేదు, అదే నా దరిద్రం.

అంత్యక్రియల నుంచి వచ్చి పాత ప్లాను వెతికి తీశాను. కిటికీ గుర్తు పక్కన పెన్సిలుతో చిన్నగా రాసుంది: "ఇల్లాలు పొట్టి. కిటికీ కిందికి దించాలి." ఎంత కిందికో రాయలేదు. గోడ లేచేటప్పుడు వచ్చి చెబుదామనుకున్నారేమో. నేను పిలిస్తేగా!

మర్నాడే మేస్త్రిని పిలిచి అల్మారా ఊడదీయించాను. "ఏ ఎత్తులో కొట్టమంటారండీ?" అన్నాడు. నాకేం తెలుసు?

మా ఆవిడ వచ్చి పొయ్యి ముందు నిలబడింది. లేని కూర కలిపింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఎడమవైపు గోడకేసి తిరిగింది. మేస్త్రి ఆమె కళ్లకెదురుగా సుద్దముక్కతో గీత గీశాడు.